ఇరవై మూడు మందికి చీర కట్టిన పూట

2023 నవంబరు 14, మంగళవారం, మధ్యాహ్నం 3 గంటల 25 నిమిషాలకు ఇది మొదలైంది. షార్జాలో, అల్ నహ్దాలో, మా అమ్మాయి వాళ్ల ఏడో అంతస్తు ఫ్లాటులో, వంటింట్లో నేను గోరుచిక్కుళ్లు తుంచుతున్నాను. పన్నెండో తరగతి చదువుతున్న నా మనవరాలు స్కూలు బస్సు దిగి వచ్చి, బ్యాగు కూడా దించకుండా గుమ్మంలో నిలబడింది.

"అమ్మమ్మా, ఒక చీర కట్టడానికి నీకెన్ని నిమిషాలు పడుతుంది?"

"నాకా, ఇంకొకళ్లకా?"

"ఇంకొకళ్లకి. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కట్టుకోని వాళ్లకి."

"ఆరు నిమిషాలు. కదలకుండా నిలబడితే."

తను పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. "నూట ముప్పై ఎనిమిది. అయితే సరిపోతుంది," అని, అప్పుడు దించింది బ్యాగు.

"దేనికే సరిపోయేది?"

"ఇరవై మూడు మందికి. నువ్వు కడతావని మేడంకి రాసిచ్చేశా."

చేతిలో గోరుచిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కోపం రాలేదు. లెక్క సరిగ్గా వేసింది కదా అనిపించింది ముందు.

ఆ స్కూల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్లల విభాగంలో పన్నెండో తరగతి పిల్లలకి చివరి ఏడాది ఫోటోలు తీస్తారు. సంవత్సరం చివర అచ్చువేసే పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ, తల నుంచి పాదం దాకా నిలబడి తీయించుకున్నది. దాంతో పాటు అందరూ కలిసి ఒక ఫోటో. ఆ ఫోటో చట్రం కట్టించి కింది వరండా గోడకి తగిలిస్తారు. ఏ ఏడాది చూసినా గోడ మీద ఉన్న అమ్మాయిలందరూ చీరల్లోనే ఉంటారు. మనవరాలు ఒకటో తరగతి నుంచీ రోజూ ఆ గోడ పక్కనుంచే నడిచింది. తనెక్కడ నిలబడాలో మూడో తరగతిలోనే అనుకుందట. వెనక వరసలో ఎడమ నుంచి రెండోది.

అయితే అంతకుముందు ఏడాది పిల్లలకి చీరలు కట్టుకోవడం వేళకి కుదరలేదు. ఫోటోలు తీసే మనిషి తొమ్మిదికి వచ్చేసరికి తొమ్మిది మంది ఇంకా లంగాల మీదే ఉన్నారు. ఇద్దరు కుచ్చిళ్లు తొక్కుకుని మెట్ల మీద పడ్డారు. ఫోటోలు తీసే ఆమెకి మధ్యాహ్నం మగపిల్లల విభాగంలో పని ఉంది, ఆగలేదు. సగం మందికి ఫోటోలే లేవు. అందుకని ఈ ఏడాది సూపర్‌వైజర్ మేడం ఒక్క మాటలో తేల్చేశారు. చీరలు వద్దు, స్కూలు కోటు వేసుకుని దిగండి, ఖలాస్.

నా మనవరాలు లేచి నిలబడి, మా అమ్మమ్మ కడుతుంది, అందట. మేడం షరతు పెట్టారు. 23వ తేదీ గురువారం ఉదయం 9 గంటలకి ఇరవై మూడు మందీ తయారుగా ఉండాలి. ఒక్కరు తక్కువైనా ఇరవై మూడు మందీ కోట్లు వేసుకోవాలి. గోడ మీద సగం చీరలు, సగం కోట్లు ఉండటానికి వీల్లేదు. ఆ షరతు కింద సంతకం పెట్టింది నా మనవరాలు ఒక్కతే.

ఈ పిల్లలకి ఫోటో అంటే ఎందుకంత పట్టుదలో నాకు తెలుసు. 2019 అక్టోబరు నుంచి నేను ఇక్కడే ఉన్నాను. తొమ్మిదో తరగతి మొత్తం నా కళ్ల ముందే, భోజనాల బల్ల దగ్గరే జరిగింది. ఆ ఏడాది క్లాసు ఫోటో అంటే కంప్యూటరు తెర మీద చిన్న చిన్న గళ్లు. మా పిల్ల గడిలో మొహం కన్నా సీలింగు ఎక్కువ. పదో తరగతి ఫోటోలో అందరికీ మాస్కులు. ఏ కళ్లు ఎవరివో కన్నవాళ్లు కూడా వేలు పెట్టి చూపించలేకపోయారు.

సాయంత్రం దుబాయ్‌లో ఆఫీసు నుంచి మా అమ్మాయి వచ్చింది. సంగతి విని చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అమ్మా, నీకు డెబ్బై మూడు."

"డెబ్బై రెండు ఏళ్ల పది నెలలు."

"సరే, అంతే. పది నిమిషాలు నిలబడితే మోకాళ్లంటావు. రెండున్నర గంటలు వంగి లేచి, వంగి లేచి... ఇదేమన్నా పెళ్లా? దీనికి బుద్ధి లేదు, నీకైనా ఉండొద్దా?"

"నాకు స్టూలు వేయిస్తామన్నారు," అన్నాను. ఎవరూ అనలేదు. మనవరాలు వెంటనే, "అవునమ్మా, రెండు స్టూళ్లు," అంది.

నా సంగతి చెప్పాలి. చీరాలలో ఒక చేనేత సహకార సంఘంలో ముప్పై ఒక్కేళ్లు పనిచేశాను. మగ్గం మీద నుంచి దిగిన చీరల పొడవూ వెడల్పూ కొలిచి, సరిగా ఉంటే ముద్ర వేయడం నా పని. మూడంగుళాలు తక్కువైతే వెనక్కి పంపేదాన్ని. నేతగాళ్లు నన్ను చాటుగా ఏమనేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. కొలత దగ్గర మొహమాటం లేదు. అందుకే ఈ పనికి ఒప్పుకున్నాను గాని, మనవరాలి మీద ప్రేమతో మాత్రమే కాదు.

ఆరు చొప్పున నూట ముప్పై ఎనిమిది నిమిషాలు. స్కూలు వాళ్లు నన్ను లోపలికి రానిచ్చేది 6 గంటల 40 నిమిషాలకి. తొమ్మిది దాకా నూట నలభై. మిగిలేది రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో ఒక పిల్ల తుమ్ముతుంది. అప్పుడు మనవరాలు తన ఫోనులో ఒక వీడియో చూపించింది. బ్యూటీ పార్లరు వాళ్లు ముందే కుచ్చిళ్లు పెట్టేసి, ఇస్త్రీ చేసి, పిన్నులు పెట్టి మడిచి ఇస్తున్నారు. కట్టేటప్పుడు నడుముకి చుట్టి దోపుకోవడమే. చూస్తే నాకు నచ్చలేదు. చీర మనిషి ఒంటి మీద కుదురుకోవాలి గాని, అట్టముక్కలా మడిచి తగిలించడమేమిటి? కానీ గడియారం పెట్టి మనవరాలికే కట్టి చూశాను. నాలుగు నిమిషాలు. ఇరవై మూడు నాలుగులు తొంభై రెండు. నలభై ఎనిమిది నిమిషాలు మిగులు. నచ్చకపోయినా లెక్క లెక్కే.

అలా కట్టాలంటే ముందు అందరి కొలతలూ కావాలి. 17వ తేదీ శుక్రవారం, షార్జాలో స్కూళ్లకి సెలవు. ఆ రోజు వాన. ఇక్కడ వాన పడితే రోడ్లు చెరువులవుతాయి. పన్నెండు మంది పిల్లలు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని, సంచుల్లో చీరలు నెత్తి మీద పెట్టుకుని వచ్చారు. ముద్దయిన బూట్లూ చెప్పులూ గుమ్మం బయట కుప్ప పోశారు. ఎదురు ఫ్లాటాయన తలుపు తీసి, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగాడు.

మా పిల్ల కాక మిగిలిన పది మందీ శనివారం వచ్చారు. మొత్తం మీద తెలుగు పిల్లలు ఆరుగురే. తక్కినవాళ్లు మలయాళీలు, తమిళులు, పంజాబీలు, గుజరాతీలు. మలయాళీ పిల్లలు వాళ్ల ఇంట్లోనూ అమ్మమ్మ అనే అంటారట, వాళ్లని చూసి తక్కినవాళ్లూ అమ్మమ్మా అనడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి మూడు కొలతలు. నడుము చుట్టూ, నడుము నుంచి నేలకి, భుజం నుంచి పైట చెంగు దాకా. అరవై తొమ్మిది కొలతలు. ఒక్కోటి రెండుసార్లు తీశాను.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. వాళ్ల నాన్న ఇక్కడ సైట్ల మీద ఫోర్‌మన్. పిల్ల అందరికన్నా పొడుగు, నోరు అంతకన్నా పొడుగు.

"ఓ అమ్మమ్మ, ఒక్కపారి కొలిస్తె సాలదా? రెండోపారికి ఎదుగుతమా ఏంది?"

"నువ్వు కదులుతున్నావు. అందుకని."

"గిలిగిలి వెడ్తుంది మరి. మా నాన్న గూడ గిట్ల కొలువడు బిల్డింగులను."

చివరికి వచ్చింది విశాఖపట్నం పిల్ల. నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. నేను టేపు పట్టుకుంటే చెవి దగ్గరికొచ్చి అడిగింది. "అమ్మమ్మ గారూ, చీరలో కాస్త పొడుగ్గా కనపడతానాండీ? ఏ ఫోటోలో అయినా నాది నుదురే పడుతుందండీ. ముందు వరసలో నిలబెట్టినా పక్కవాళ్ల మధ్య గుంటలా ఉంటాను."

"నిలువు చారల చీర తెచ్చుకున్నావా?"

"లేదండీ, అమ్మది, పెద్ద పెద్ద పువ్వులు."

"కుచ్చిళ్లు సన్నగా పెడతాను. పొడుగు కనపడతావు," అన్నాను. అది నిజమే.

శనివారం సాయంత్రం నుంచి సోమవారం దాకా కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేశాను. ఒక్కో చీరకి పన్నెండు నిమిషాలు. మొత్తం 276 నిమిషాలు, అంటే నాలుగు గంటల ముప్పై ఆరు నిమిషాలు. పట్టు చీరలు చెప్పినట్టు విన్నాయి. జార్జెట్లు అయిదూ నన్ను ఏడిపించాయి. మా అమ్మాయి తిడుతూనే సోఫా పక్కకి జరిపింది, తిడుతూనే రెండో ఇస్త్రీపెట్టె తెచ్చింది, మూడో రోజు తిట్టడం మానేసి జార్జెట్లు తను పట్టుకుంది. ప్రతి చీరకీ బట్ట ముక్క మీద అంకె రాసి కుట్టాను, ఒకటి నుంచి ఇరవై మూడు దాకా. అన్నీ రెండు సూట్‌కేసుల్లో సర్దితే పద్నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగాయి. నలభై ఎనిమిది నిమిషాల మిగులు తలుచుకుని ఆ మూడు రోజులూ హాయిగా నిద్రపోయాను.

గురువారం ఉదయం 6 గంటల 38 నిమిషాలకి అల్లుడు మమ్మల్ని స్కూలు గేటు దగ్గర దించాడు. రెండో అంతస్తులో బొమ్మలు వేసుకునే గది మాకిచ్చారు. స్టూళ్లు నిజంగానే రెండున్నాయి. ఒకటో నంబరు కరీంనగర్ పిల్లది, మెరూన్ రంగు. నడుముకి చుట్టి, కుచ్చిళ్లు దోపి, పైట వేసి, పిన్నులు పెట్టి, వెనక్కి జరిగి చూశాను.

చీర అంచు నేలకి మూడంగుళాలు పైన ఉంది.

నడుము దగ్గర కిందికి లాగాను. రాలేదు. కొలతలు రాసుకున్న పుస్తకం తీసి నడుము నుంచి నేలకి ఎంతో చూశాను. నలభై రెండున్నర. టేపు పెట్టి మళ్లీ కొలిచాను. నలభై అయిదున్నర. ముప్పై ఒక్కేళ్లలో నాకు టేపు మీద అనుమానం రావడం అదే మొదటిసారి. తర్వాత కిందికి చూశాను. పిల్ల కాళ్లకి మూడంగుళాల ఎత్తు మడమల చెప్పులు, బంగారు రంగువి.

తలెత్తి గదంతా చూశాను. అందరి కాళ్లకీ అవే. నలుపు, వెండి, ఎరుపు. ఇరవై మూడు జతలు.

ఇంట్లోకి చెప్పులతో ఎవరు వస్తారు? గుమ్మం బయటే విప్పి వచ్చారు. ఉత్తి కాళ్ల మీద నిలబడితే ఉత్తి కాళ్లకే కొలిచాను. ఫోటోకి ఏం తొడుక్కుంటారని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు, చెప్పాలన్న ఆలోచన వాళ్లకీ రాలేదు. మూడంగుళాలు తక్కువ నేసిన చీరని నేనైతే వెనక్కి పంపేదాన్ని. ఇప్పుడు ఇరవై మూడూ తక్కువే, చేసింది నేను.

"ఏమైంది అమ్మమ్మా?" అంది మనవరాలు.

కుచ్చిళ్లు పైన మడిచి గట్టిగా ఇస్త్రీ చేసినవి. కిందికి దించితే నడుము దగ్గర విచ్చుకుపోతాయి, పైట కురచవుతుంది. పూర్తిగా విప్పి, మళ్లీ పెట్టి కట్టాలంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. ఇరవై మూడు తొమ్మిదులు రెండు వందల ఏడు. చేతిలో ఉన్నది నూట ఇరవై. ఎన్నిసార్లు లెక్క వేసినా అంతే. స్టూలు మీద కూర్చుని, చెప్పాల్సింది చెప్పేశాను.

"తప్పు నాదర్రా. చెప్పులు లేకుండా కొలిచాను. చెప్పులు విప్పేస్తే చీరలు సరిపోతాయి. విప్పకపోతే కోట్లే."

గదంతా ఒక్కసారిగా గోల. ఒక పంజాబీ పిల్ల హిందీలో, నంగే పైర్, ఫోటో మే, అని రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. మెట్ల మీద ఎలా నడవాలో ఇంట్లో రెండు వారాలుగా సాధన చేస్తున్నానని ఒకతె. గుడికొచ్చినట్టు ఉంటాం అని ఇంకొకతె. మాట ఇచ్చింది నా మనవరాలే కదా, ఎవరినీ గట్టిగా అడగలేకపోతోంది. అలా దాదాపు ఇరవై నిమిషాలు పోయాయి. గడియారం కేసి చూడటం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

కరీంనగర్ పిల్ల కిటికీ దగ్గర తన మెరూన్ చీరలో నిలబడి వింటోంది. ఉన్నట్టుండి గట్టిగా అంది.

"గీ చెప్పుల కోసం నేను నాలుగు దినాలు రోలా బజారు మొత్తం తిరిగిన. మా అమ్మ కాళ్లు వాసినయి. అమ్మమ్మ, ఒక ముచ్చట జెప్పు. ఇవి ఇడిస్తె చీర నేలకు ఆనుతదా?"

"ఆనుతుంది."

"ఆనితె కాళ్లు కనవడ్తయా?"

"గోరు కూడా కనపడదు."

"మరి కనవడని దానికి గింత లొల్లెందుకే? పొట్టోళ్లయితం, అందరం ఒక్కతీరుగనే అయితం. యల్లా, తియ్యుండ్రి!" వంగి, పట్టీలు విప్పి, బంగారు చెప్పులు రెండూ తీసి గోడ వారగా పెట్టింది. మెరూన్ అంచు సరిగ్గా నేలని తాకింది. తర్వాత నా మనవరాలి కేసి తిరిగి, "మీ ఆంధ్రోళ్ల లెక్కల మీద నాకు ముందే అనుమానముండె," అంది. అప్పుడు నవ్వారు అందరూ. చప్పుడు చేస్తూ చెప్పులు గోడ పక్కకి చేరాయి.

చేరనిది ఒక్క జత. విశాఖపట్నం పిల్ల బీరువా పక్కన నిలబడి, కళ్ల నిండా నీళ్లతో, తలుపు మీద గోటితో గీస్తోంది. ఏమీ అడగలేదు. అదే నాకు కష్టమనిపించింది. ఇవి విప్పితే తను మళ్లీ నాలుగడుగుల ఎనిమిదంగుళాలే, పక్కన ఎవరున్నా.

"నువ్వు విప్పకు," అన్నాను. "నీది విప్పి కడతాను. తొమ్మిది నిమిషాలు. కానీ చివర్లో. ముందు వీళ్లని కానీ."

అప్పుడు 7 గంటల 20 నిమిషాలు. తొమ్మిదికి వంద నిమిషాలు. ఒకటో నంబరు అయిపోయింది. ఇరవై మంది, నాలుగు చొప్పున ఎనభై. విశాఖపట్నం పిల్లకి తొమ్మిది, మనవరాలికి నాలుగు. తొంభై మూడు. మిగులు ఏడు నిమిషాలు.

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు, చేతులకి గుర్తుంది. చుట్టు, దోపు, పైట, పిన్ను, తిరుగు, పద. మనవరాలు నంబరు పిలిచి చీర అందిస్తోంది. కట్టించుకున్నవాళ్లు తర్వాతి పిల్లకి లంగా బిగించి సిద్ధంగా నిలబెడుతున్నారు. కరీంనగర్ పిల్ల తలుపు దగ్గర నిలబడి, "నైన్! టెన్! కదులుండ్రి, కదులుండ్రి!" అని బస్సు కండక్టరులా అరుస్తోంది. ఎనిమిదో నంబరు పిల్లది లంగా నాడా పటుక్కున తెగింది, మూడు నిమిషాలు. పన్నెండో నంబరు జాకెట్టు హుక్కు ఊడింది, రెండు నిమిషాలు.

8 గంటల 20 నిమిషాలకి సూపర్‌వైజర్ మేడం వచ్చారు. కేరళ మనిషి, చక్కటి మనిషి, గడియారం మనిషి. వెనక ఆయా బట్టలు తగిలించే చక్రాల స్టాండు తోసుకుంటూ వచ్చింది. దానికి ఇరవై మూడు నీలం కోట్లు, ఇస్త్రీ చేసి ఉన్నాయి. మేడం వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. పద్నాలుగు.

"అమ్మా, తొమ్మిది మంది. నలభై నిమిషాలు," అన్నారు ఇంగ్లీషులో. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

"అవును," అన్నాను, నోట్లో పిన్నీసులతోనే. ఆవిడ కోట్లు అక్కడే వదిలి వెళ్లారు.

పద్దెనిమిదో నంబరు పిల్ల కాటుక కారి పైట మీద పడింది. పైట మడత మార్చి మరక లోపలికి తిప్పేసరికి ఇంకో మూడు నిమిషాలు. ఇరవై మందీ పూర్తయ్యేసరికి 8 గంటల 48 నిమిషాలు. మిగిలింది పన్నెండు. పని పదమూడు నిమిషాలది.

మనవరాలికి కూడా తెలుసు ఆ లెక్క. ముందు మాట్లాడింది అదే. "అమ్మమ్మా, నువ్వు దాన్ని చూడు. నాది నేను కట్టుకుంటా."

"నీకు రాదు."

"పొద్దున్నుంచి ఇరవై ఒక్కసార్లు చూశా. వస్తుంది."

దాని చీర దాని చేతికిచ్చాను. విశాఖపట్నం పిల్ల చీర విప్పేశాను. పెద్ద పువ్వులు, మెత్తటి బట్ట. నేల మీద కూర్చుని, చెప్పుల మడమ దాకా కొలిచి, సన్నటి కుచ్చిళ్లు తొమ్మిది పెట్టాను. ఇస్త్రీ లేదు. గోటితో ఒత్తి ఒత్తి మడత నిలబెట్టాను. పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది.

8 గంటల 58 నిమిషాలకి లేచాను. అప్పుడు చూశాను నా మనవరాలిని. మావిడి పిందె రంగు చీర, నేను కొలిచి ముద్ర వేసిన చీరల్లో ఒకటి. పైట చక్కగా వేసుకుంది. అంచు నేలకి సమంగా ఉంది. కుచ్చిళ్లు మాత్రం కుడివైపుకి తిరిగి ఉన్నాయి. ఎడమవైపుకి తిరగాలి. నాకు ఎదురుగా నిలబడి, నన్ను చూసి చూసి నేర్చుకుంది గదా, అద్దంలో చూసినట్టు తిరగబడిపోయింది.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది. పద," అన్నాను.

తలుపు దగ్గర మేడం. ఒకసారి లెక్కపెట్టారు, ఇరవై మూడు. పెదాలు బిగించి, రెండోసారి భుజాలు తాకుతూ లెక్కపెట్టారు. ఇరవై మూడే. చేతి గడియారం చూశారు. 8 గంటల 59 నిమిషాలు. ఆయాని పిలవలేదు. ఆవిడే వెళ్లి కోట్ల స్టాండు పట్టుకుని, చక్రాలు కీచుమంటుండగా వరండా చివరికి తోసుకుంటూ వెళ్లిపోయారు. అప్పుడు లేచింది కేక. కింది అంతస్తులో ఒకటో తరగతి పిల్లలు పాఠం ఆపి బయటికి వచ్చేశారట.

మెట్లు నలభై నాలుగు. ఎవ్వరూ తూలలేదు. ఉత్తి కాళ్లతో, ఎడమ చేత్తో కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, బారుగా దిగారు. చప్పుడే లేదు. పదకొండో తరగతి అమ్మాయిలు తలుపుల దగ్గర నిలబడి చూస్తున్నారు. విశాఖపట్నం పిల్ల ఒక్కదాని మడమలే టకటకమంటున్నాయి, అది ఏ వరసలో ఉందో చూడకుండానే చెప్పొచ్చు. ఒకటో తరగతి పిల్ల ఒకతె వాళ్ల టీచరుని, వీళ్లంతా కొత్త టీచర్లా, అని అడిగింది.

ఫోటోలు తీసే ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఒక్కొక్కరిని నిలబెట్టి, గడ్డం దించు, భుజం వదులు చెయ్యి అంటూ చకచకా తీసేసింది. ఈ ఏడాది ఎవరూ వంకరగా నిలబడటం లేదే, పోయిన ఏడాది అందరూ కొంగల్లా ఊగారు, అని మేడంతో అంది. ఎవరూ కారణం చెప్పలేదు. 11 గంటల 35 నిమిషాలకి అన్నీ అయిపోయాయి.

పైకి వచ్చాక గోడ వారగా ఇరవై రెండు జతల చెప్పులు మేడం కంటపడ్డాయి. వేలు చూపిస్తూ వాటినీ లెక్కపెట్టారు. తర్వాత నా కేసి చూశారు. "నెక్స్ట్ ఇయర్ కూడా వస్తారా అమ్మా?" అన్నారు.

"వస్తాను. ఈసారి చెప్పులతో కొలుస్తాను," అన్నాను. మనవరాలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఆవిడ నవ్వడం ఆ పిల్లలు అంతకుముందు చూడలేదట.

జనవరిలో చట్రం వచ్చింది. నన్ను తీసుకెళ్లి చూపించింది మనవరాలు. వెనక వరసలో ఎడమ నుంచి రెండోది. విశాఖపట్నం పిల్ల ముందు వరస మధ్యలో, నుదురు, కళ్లు, మెడ, మొత్తం ఉంది. పక్కవాళ్లకన్నా ఒక అంగుళం ఎత్తే. కరీంనగర్ పిల్ల నోరు తెరిచే ఉంది, ఏదో అంటోంది. ఫోటోలో తన కుచ్చిళ్ల మీద వేలు పెట్టి, మనవరాలు మెల్లిగా అంది.

"నావి అటు తిరిగాయి."

"అవును."

"అప్పుడే చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదే?"

"రెండు నిమిషాలే ఉన్నాయి."

"నీకు అలా చెప్పకుండా ఉండటం వచ్చా?" అని నా భుజం మీద తల ఆనించి నవ్వింది. వచ్చు అని నాకూ ఆ రోజే తెలిసింది.

ఆ పూట పోయినవి ఇవి. పిన్నీసులు నూట పదిహేను ఇచ్చాను, నూట ఒకటి తిరిగి వచ్చాయి, పద్నాలుగు పోయాయి. జాకెట్టు హుక్కు ఒకటి. లంగా నాడా ఒకటి. గాజులు నాలుగు, పంజాబీ పిల్లవి మూడు, నావి ఒకటి. కాటుక మరక పోక పాడైన పైట ఒకటి. నా కుడి బొటనవేలి గోరు సగం. ఆ వేలి స్పర్శ, మూడు రోజులు.